ఒంటిగంటకు పోయే కరెంటు

ఆ రోజు కూడా ఒంటిగంటా అయిదుకే కనెక్షన్ తెగిపోయింది. నేను టిఫిన్ డబ్బా మూత కూడా తీయలేదు. తెరమీద ఖాళీ పేజీ, పేజీ దొరకలేదన్న ముక్క.

మామిడి గుజ్జు ఫ్యాక్టరీల్లో పనిచేసే ఆడకూలీల మీద నా పీహెచ్‌డీ. ఆరేళ్ల నోట్సంతా చంద్రగిరిలో మా ఇంటి కంప్యూటర్లో, ఔట్‌లైనర్ అనే ఒక ప్రోగ్రాములో ఉంది. శీర్షిక కింద శీర్షిక. నొక్కితే విచ్చుకుంటుంది, మళ్లీ నొక్కితే ముడుచుకుంటుంది. తిరుపతిలో నేను పాఠాలు చెప్పే కాలేజీలో కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించనివ్వరు. అందుకే రెండు ఆదివారాలు కుస్తీ పట్టి, ఇంట్లో నడిచే ఆ ప్రోగ్రాము ఇక్కడి బ్రౌజర్‌లో కనబడేలా చేసుకున్నాను. ఇంట్లో కంప్యూటర్ ఆన్‌లో ఉంటే చాలు, పొద్దున బయల్దేరే ముందు నేనే ఆన్ చేసి వస్తాను. ఇంట్లోనే రాసుకుందామంటే, నేను దాని ముందు కూర్చున్న మరుక్షణం ఎవరికో ఒకరికి కాఫీ గుర్తొస్తుంది. నాకు మిగిలింది ఈ భోజన విరామం ఒక్కటే. థీసిస్ ఇవ్వడానికి గడువు ఇరవై రోజులు.

"కరెంటు పోయింటాదిలే," అంటాడు ఊళ్లోనే బ్యాంకులో పనిచేసే నా భర్త యోగానంద. వారం రోజులుగా అదే మాట. కోత పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకా అని నాకు తెలుసు. మిక్సీ, మోటారు, గ్రైండర్ ఆ వేళలు చూసుకుని తిప్పేది నేనే కదా. అయినా నమ్మాను. నమ్మినందుకు నా మీద నాకే మంట.

ఇంటికి ఫోన్ చేశాను. అత్త మునిరత్నమ్మ ఎత్తింది.

"కరెంటు ఉండాదా అత్తా?"

"ఉండాది నందినీ. టీవీ సూస్తా ఉండా. ఆ కంప్యూటరు గదా? వాడిప్పుడే అన్నం తిని బ్యాంకుకు పోయినాడు. పోతా పోతా దినామూ ఆపేసే పోతాడే, నీకు చెప్పలేదా? 'కాలేజీకి పోయినా దానికి ఆ రాతల ద్యాసే, ఇంటి మీద ద్యాస లేదు' అన్నాడు."

అన్నం తిని. అయిదింటికి లేచి నేను వండి హాట్‌బాక్సులో పెట్టిన అన్నం. తిని, చెయ్యి కడుక్కుని, స్విచ్ ఆపి వెళ్తాడన్నమాట. సాయంత్రం నేను ముఖం వేలాడేసుకుని వస్తే, "పాపం, మళ్లీ పోయిందా" అనేవాడు. ఆ పాపం గుర్తొచ్చి చేతిలో స్పూను విసిరికొట్టాలనిపించింది. నిలదీస్తే ఏమంటాడో కూడా తెలుసు. "ఇంత చిన్నదానికి రచ్చెందుకు?"

నేను నిలదీయలేదు. స్టాఫ్‌రూమ్‌లో నా పక్క కుర్చీ సుహానాది. వాళ్లిల్లు కాలేజీ వెనకే, నెట్ కూడా ఉంది. నా కంప్యూటర్ పెట్టుకోవడానికి ఒక ప్లగ్గు ఖాళీగా ఉంటుందా అని అడిగాను. "ఉండాది, తీసుకురా," అంది, ఇంకేమీ అడక్కుండా.

మర్నాడు పొద్దున వైర్లన్నీ ఊడదీసి, కంప్యూటర్ డబ్బాను పాత దుప్పట్లో చుట్టి ఆటోలో పెట్టాను. యోగానంద పేపరు దించాడు.

"యాడికి ఎత్తుకోని పోతా ఉండావు దాన్ని? ఎప్పుడు తెస్తావు?"

"నేను సాయంత్రం వస్తా," అన్నాను. "ఇది రాదు."