సుల్తాన్‌బీ ఇంటి మదిరాన్

లోకంలో ఎక్కడైనా తాగేవాడు తాగలేదని బొంకుతాడు. చుక్క దొరకని కువైట్‌లో ఉండి, పుట్టి బుద్ధెరిగాక చుక్క ముట్టని మా అబ్దుల్ బాసిత్ మాత్రం తాగానని బొంకాడు. బ్నీద్ అల్ గార్‌లో వాడిదీ నాదీ ఒకే గది. పనిచేసేదీ ఒకే హోటల్లో, వాడు బయట ప్లేట్లు మోస్తాడు, నేను లోపల పొయ్యి దగ్గర మాంసం కాలుస్తాను. నా పేరు ఖలందర్. ఇద్దరిదీ రాయచోటే.

మాది ఫ్రెంచి హోటల్. షెఫ్ బెర్నార్‌ది ఫ్రాన్సు నైరుతి మూలన, పిరనీస్ కొండల దగ్గర ఊరు. అక్కడ మదిరాన్ అనే ప్రాంతం ఉందట. అక్కడి ఎర్ర వైన్‌కూ అదే పేరు. ఆ నేలలో పండిన ద్రాక్షతో, వాళ్ళు పెట్టుకున్న పద్ధతిలో చేస్తే తప్ప సీసా మీద ఆ పేరు వేసుకోనివ్వరట. పేరు వింటేనే పోలీసులు వచ్చేట్టున్నారని నేను భయపడ్డాను. బెర్నార్ మాత్రం బాతు వండిన ప్రతిసారీ ఆ పేరు తలుచుకుని నిట్టూర్చేవాడు.

ఒక మధ్యాహ్నం మమ్మల్నందరినీ వరసగా నిలబెట్టాడు.

"వైన్ మాట వద్దు, చట్టం చట్టమే. ఆ స్వభావమున్న షర్బత్ కావాలి నాకు. మదిరాన్ నంగనాచి వైన్ కాదు. నల్లగా ఉంటుంది. నాలుకను గరుకుగా రుద్దుతుంది, చిగుళ్ళను ఎండబెడుతుంది, నోట్లో ఉన్న బాతు కొవ్వునంతా ఊడ్చేస్తుంది. ఇక్కడ దాని రుచి తెలిసినవాళ్ళున్నారా? ఉంటే వాళ్ళే ఇకనుంచి డ్రింక్స్ ఇన్‌ఛార్జి."

బాసిత్ చెయ్యెత్తాడు. నా చేతిలోని పట్టుకారు జారి కింద పడింది.

వాడి బాధ నాకు తెలియనిది కాదు. సల్వాలో ఒక కువైటీ ఇంట్లో వంట చేసే సుల్తాన్‌బీ కూతురు షగుఫ్తా అంటే వీడికి ప్రాణం. ఆ పిల్ల రాయచోటిలో ఉంటుంది, రోజూ ఫోన్‌లో గంటలు గంటలు ముచ్చట్లు. సుల్తాన్‌బీ మాత్రం ఒకటే మాట మీద ఉంది: ప్లేట్లు మోసేవాడికి బిడ్డనివ్వను. ఇన్‌ఛార్జి అయితేనే నిఖా, లేకపోతే లేదు.

"ఎక్కడ తాగావు?" అన్నాడు బెర్నార్, అనుమానంగా.

వీడు అంతదూరం ఆలోచించి చెయ్యెత్తలేదు. "మా అత్త ఇంట్లో, షెఫ్. ప్రతి పండక్కీ సీసా తెరుస్తుంది. బాతుతోనే" అనేశాడు.

బెర్నార్ కళ్ళు చెమ్మగిల్లాయి. ఎక్కడో ఇండియాలో ఒక ముసలమ్మ తన ఊరి వైన్‌కు ఇంత మర్యాద చేస్తోందని మురిసిపోయాడు. నేను బాసిత్‌ను వంటింటి వెనక్కి లాక్కుపోయాను.

"రేయ్, ఐదుపూటలా నమాజు చేసే సుల్తాన్‌బీని తాగుబోతును చేసినావు కదరా!"

"ఆయప్పకు ఎట్ల తెలుస్తాది అన్నా? ఆమె ఉండేది సల్వాలో."

నిజం చెప్పొద్దూ, షర్బత్ మాత్రం వాడు బాగా చేశాడు. షెఫ్ చెప్పిన ఆ గరుకుతనం మనకు తెలియంది కాదు, మనం వగరు అంటాం. దానిమ్మ తొక్కలు ఉడికించాడు. నల్లద్రాక్ష రసం పోశాడు, చిక్కటి టీ డికాక్షన్ కలిపాడు, ఇక్కడివాళ్ళు లూమీ అనే ఎండు నిమ్మకాయను చితగ్గొట్టి వేశాడు. మొదటిసారి బెర్నార్ "మరీ తియ్యన, ఇది పెళ్ళిలో పంచేది" అని పారబోశాడు. రెండోసారి "ఇది తోలు పదును చేసేది" అన్నాడు. అలా పోసి పారబోసి, ఒక గురువారం పొద్దున గ్లాసు ఖాళీ చేసి, "ఈ రోజు సాయంత్రం బాతుతో ఇద్దాం. జనం మెచ్చితే పోస్టు నీదే" అన్నాడు.

ఆ సాయంత్రమే సల్వా నుంచి ఒక కుటుంబం వచ్చింది. అమ్మగారు, పిల్లలు, పిల్లల వెనక నల్లటి అబాయాలో, చేతికి తస్బీ పూసలదండ చుట్టుకుని సుల్తాన్‌బీ. చిన్నవాడికి అన్నం తినిపించడానికి ఆమెను వెంట తెచ్చుకున్నారు.

బాసిత్ స్తంభం చాటుకు పోయాడు. బెర్నార్ అది చూసి నన్నడిగాడు, కుర్రాడికేమైందని. నోట్లో మాట దాగని నాలాంటి వాణ్ణి అలా అడగొచ్చా? "సిగ్గు షెఫ్. ఆ నల్లబట్టలావిడే వాళ్ళత్త" అన్నాను.

బెర్నార్ టోపీ సరిచేసుకున్నాడు. గ్లాసులో షర్బత్ పోసి, పళ్ళెంలో పెట్టుకుని స్వయంగా బయల్దేరాడు. స్తంభం చాటునున్న వాణ్ణి చెయ్యి పట్టి వెంట తీసుకుపోయాడు. నేను వంటింటి తలుపు వారగా తెరుచుకుని నిలబడ్డాను.

"మదామ్, మీ ఇంట్లో ప్రతి పండక్కీ మదిరాన్ తెరుస్తారని విన్నాను. మీరు రుచి చూసి సరేనంటేనే ఇది మిగతావాళ్ళకు పోస్తాను" అని వంగి దండం పెట్టాడు.

అమ్మగారికి ఇంగ్లీషు బాగా వచ్చు. చేతిలోని ఫోర్కు కింద పెట్టింది. "సుల్తాన్‌బీ, మదిరాన్ అంటే వైన్ కదా?" అని అరబీలో అడిగింది.

ఏళ్ళ తరబడి ఆ ఇంట్లో ఉప్పూ కారం చూసిన మనిషి. మత్తు ఉంటుందేమోనని దగ్గుమందు కూడా తాగదు. పరువూ పనీ రెండూ ఆ ఒక్క ప్రశ్న మీద నిలబడ్డాయి. ఆమె బాసిత్ వైపు చూసింది. వాడు నేల వైపు చూశాడు. నాకూ అప్పుడు నవ్వు ఆగిపోయింది, పాపం అనిపించింది.

సుల్తాన్‌బీ గ్లాసు తీసుకుని వాసన చూసింది, బిస్మిల్లా అని ఒక గుక్క తాగింది.

"దానిమ్మ తొక్కల కషాయం అమ్మా. పిల్లోల్లకు కడుపు చెడితే నేను తాగిస్తా కదా, అదే" అని అమ్మగారికి అరబీలో చెప్పి, బెర్నార్‌తో వచ్చీరాని ఇంగ్లీషులో, "గుడ్. మా ఇంట్లో ఇంకా స్ట్రాంగ్" అంది.

అమ్మగారు పగలబడి నవ్వింది. బెర్నార్ మహదానందంగా బాసిత్ వీపు తట్టి, అక్కడికక్కడే ఇన్‌ఛార్జిని చేసేశాడు. అంతటితో ఊరుకున్నాడా? "మదామ్‌కు తెలియనిదేముంది! మదిరాన్ కుర్రదిగా ఉన్నప్పుడు భరించలేం. ఒకటే గోల, ఒకటే డాబు. అప్పుడు ఎవరి చేతికీ ఇవ్వకూడదు. చీకటి కొట్లో పడేసి ఉంచితే బుద్ధి వస్తుంది" అన్నాడు.

"ఎన్నేండ్లు?" అంది సుల్తాన్‌బీ.

"మంచిదైతే పదేళ్ళు."

ఆమె బాసిత్ వైపు తిరిగింది. "విన్నావు కదప్పా. పని ఇప్పించినా. బిడ్డను మాత్రం పదేండ్ల తర్వాత ఇస్తా."

"అత్తా! షగుఫ్తా ఏమైపోవల్ల?"

"యల్లా, కానీ, ఆ పిల్లనే అడుగు." ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టి, బల్ల మీద ఉంచింది. "చేసిందంతా నీ నోటితోనే చెప్పు."

వాడు చెప్పాడు. సీసా, పండగ, బాతు, అన్నీ. అవతల షగుఫ్తా అంతా వింది. తర్వాత ఒక్కటే అడిగింది: "అంతమంది ఉండంగా మా అమ్మ పేరే యాల చెప్పినావు?"

"ఎక్కడ తాగినావని షెఫ్ గుడ్లురిమి అడిగినాడు. నాకు బయమైంది. బయమైతే నాకు యాదికొచ్చేది మీ అమ్మ ఒక్కటే."

షగుఫ్తా కిసుక్కున నవ్వింది. అమ్మగారు ఆ తెలుగు ముచ్చటేంటో తమకూ చెప్పమని బెర్నార్‌ను పీకుతోంది, ఆయన నన్ను పిలుస్తున్నాడు. సుల్తాన్‌బీ మాత్రం అబాయా సర్దుకుంటూ, ఇన్నాళ్ళకు వీడి నోట ఒక నిజం విన్న మనిషిలా, తలెత్తి కూర్చుంది. ఆ మాట ఆమెకు ఎంత నచ్చిందో మొహమంతా తెలిసిపోతోంది.

ఫోన్ అందుకుని స్పీకర్ ఆపింది.

"పాపా, పదేండ్లు వద్దులే" అంది. "రంజాన్ అయిపోనీ, నిఖా చేద్దాం."