పాత కారుకి కొత్త సెట్టు

డిక్కీలో పెట్టిన వూఫరు పెట్టెకి నల్లగుడ్డ కుట్టింది నేనే. ప్లైవుడ్డు అంచులు కనబడకూడదన్నాడు మా ఆయన యువరాజు. ఎండుచేపలు ఆరబెట్టే చేతులు, వాసనొస్తుందేమోనని రెండుసార్లు సబ్బుతో కడుక్కుని మరీ కుట్టాను. పైగా నా మొహానికి సరదా కూడా వేసింది. పెళ్ళయిన ఏడేళ్ళలో మా ఇంటికి వచ్చిన మొదటి కొత్త వస్తువు అది.

కారేమో మా పెళ్ళికంటే పాతది. నౌపడ స్టేషన్లో దిగినవాళ్ళని టెక్కలికీ సంతబొమ్మాళికీ చేర్చే తెల్ల అంబాసిడర్. అందులో ఒక క్యాసెట్ ప్లేయరు, వెనక అరచేతంత స్పీకర్లు రెండు ఉండేవి. అవి పాడితే కార్లో కూర్చున్నవాడికే సరిగా వినబడేది కాదు. రెండువేల మూడులో పలాస వెళ్ళి సీడీ సెట్టు, ఆంప్లిఫయరు, నాలుగు స్పీకర్లు, ఈ వూఫరూ బిగించుకొచ్చాడు. వాకిట్లో ఆపి పాట పెడితే మా ఇంటి రేకులు అదిరాయి. "మగోడన్నాక ఏదో ఓ సరదా ఉండొద్దేటి" అని మా అత్త దేముడమ్మ మురిసిపోయింది.

ఆ సరదా ఏమిటో నాకు నాలుగో రోజు తెలిసింది. అంతకుముందు అతను కొడితే నా అరుపు ఎదురింటి తవిటమ్మత్తకి వినబడేది. ఆమె వచ్చి గుమ్మంలో నిలబడి, "ఏటల్లుడూ ఇది, ఆడకూతురు సచ్చిపోద్ది" అనేది. అతను చెయ్యి దించేవాడు. ఏడేళ్ళు నేను బతికింది ఆ ఒక్క మాట మీదే. నాలుగో రోజు సాయంత్రం పులుసులో ఉప్పెక్కువైందని కంచం తోసేసి బయటికెళ్ళాడు. పోన్లే, పోయాడనుకున్నాను. కారు తలుపు తీసి, ఒక పాట పెట్టి, చివరిదాకా పెంచి, తిరిగొచ్చి ఇంటి తలుపు గడియ వేశాడు. అంత తీరిగ్గా. జుట్టు పట్టి తల గోడకేసి కొట్టాడు. పడ్డాక డొక్కలో తన్నాడు. అరిచాను. నా అరుపు నాకే వినబడలేదు. వూఫరు మోత నేలలోంచి వీపుకి తగులుతోంది. పాట అయ్యేసరికి పక్కటెముక విరిగింది.

అప్పట్నుంచి అదే పాట. రెండు పళ్ళు పోయాయి, చూపుడువేలు వంకర తిరిగింది. మా ఊళ్ళో ఆలుమగల తగువు పెద్దల ముందుకొస్తే ఎదురింటివాళ్ళ మాటే సాక్ష్యం. ఆ మాట ఉంటే నన్ను పుట్టింటికి పంపిస్తారు, నా వెనక అతను రాకుండా కట్టడి చేస్తారు. అందుకే వెళ్ళాను. ఊరిపెద్ద పోలయ్య మావ తవిటమ్మత్తని అడిగాడు. ఆమె కొంగు సర్దుకుని, "పాటలే ఇన్నాను బావా. ఆ మోతలో ఇంకేటి ఇనబడతాది" అంది. "ఇన్నోలు నేకపోతే మేమేటి సేత్తాం" అని పెద్దలు లేచిపోయారు. ఆ సాయంత్రం పాట రెండుసార్లు మోగింది. నేను తవిటమ్మత్తని తప్పు పట్టలేదు. నిజంగానే వినబడదు కదా అనుకున్నాను. తిట్లన్నీ ఆ పెట్టెనే తిట్టాను.

మొన్న శుక్రవారం క్లచ్ ప్లేటు పోయి కారు వాకిట్లోనే ఉండిపోయింది. అతను పలాస బస్సెక్కుతూ, "నేనొచ్చేతలికి బండి కడిగుంచు. సెట్టు మీద నీళ్ళు పడ్డాయో, సర్మం ఒలిసేత్తాను" అన్నాడు. అత్త చేపలు అమ్ముకోవడానికి వెళ్ళింది. పట్టపగలు పదకొండు గంటలు. కడగడం సగంలో వదిలేసి కార్లో కూర్చుని తాళం తిప్పాను. ఒంటి మీద దెబ్బ పడకుండా ఆ పాట ఒక్కసారి చివరిదాకా వినాలనిపించింది. అతను పెంచినంతా పెంచాను.

మా వాకిటికి కమ్మల దడి. సందుల్లోంచి వీధి నాకు కనబడుతుంది, నేను వీధికి కనబడను. కుళాయి దగ్గర ఒకామె నిండని బిందె ఎత్తుకుని వెళ్ళిపోయింది. ఇంకొకామె ఆడుకుంటున్న పిల్లల్ని రెక్కలు పట్టి లోపలికి లాక్కుపోయింది. తవిటమ్మత్త అరుగు మీద వల బాగుచేస్తోంది. మా ఇంటివైపు చూసింది. వల అక్కడే పడేసి లోపలికెళ్ళి తలుపేసుకుంది.

నన్నెవరూ కొట్టడం లేదు. అయినా వీధి ఖాళీ అయిపోయింది. నా ఒళ్ళు మండిపోయింది. అతను తన్నినప్పుడు కూడా నాకంత కోపం రాలేదు. అరుపు వినబడకపోతే ఏం, పాట మొదలవగానే లోపల ఏం జరుగుతోందో వీళ్ళందరికీ తెలుసు. తెలిసే తలుపులేసుకుంటున్నారు.

పాట ఆపకుండానే దిగి వీధి దాటాను. తవిటమ్మత్త తలుపు రెండు చేతులతో బాదాను. తీసింది. నన్ను చూసింది, నా వెనక దడి అవతల మోగుతున్న కారువైపు చూసింది. మొహం పాలిపోయింది.

"నువ్విక్కడుంటే, మరక్కడ ఆడెవుల్ని కొడతన్నాడే కుసుమా" అంది.

"ఎవుల్నీ నేదత్తా. ఆడు పలాసెల్నాడు. పాట నేనే పెట్టాను" అన్నాను. "ఇప్పుడన్నావు సూడు, ఆ మాట. పోలయ్య మావ ఇంటికాడే ఉన్నాడు. ఎల్దాం పద."

"నానేటీ అననేదే" అని తలుపు మూయబోయింది. ఆమె మణికట్టు పట్టుకున్నాను. విడిపించుకోవాలంటే ఆమె కూడా నన్ను కొట్టాల్సిందే.