ముప్పై ఏడో భాగం

గ్రంథాలయం మేడ మీద గదులు రెండు. గురువారం సాయంత్రాలు చిన్న గదిలో అక్క సంఘం, పెద్ద గదిలో తమ్ముడి సంఘం. మధ్యన ఒకే ఒక్క గోడ, అదీ పలచటిది.

అక్కను అందరూ టెలిఫోనక్క అంటారు. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరుగా చేసి రిటైరైంది. అవతలి మనిషి మాటను మధ్యలో తుంచేసే అలవాటు మాత్రం ఇంకా రిటైరవలేదు. నలభై ఏళ్ల కిందట రేడియోలో వచ్చిన ఒక నాటకమంటే ఆమెకు ప్రాణం. సముద్రంలో ఒక రాతి గుట్ట, దాని మీద దీపస్తంభం, దానికి కాపలా ఉండే తండ్రి, అతని కూతురు. మొత్తం అరవై నాలుగు భాగాలు. ఎక్కడో అటక మీద పడున్న టేపులు చేతికి దొరికాక సంఘం పెట్టింది. వారానికొక భాగం వినాలి, కాసేపు మాట్లాడుకోవాలి, అన్నీ అయిపోతే మళ్లీ మొదటి నుంచి. పదకొండేళ్లుగా ఇదే తంతు.

ఇంతా చేస్తే సభ్యులెందరు? ఆరుగురు.

మరి ఎలా పెరుగుతారు? గుమ్మంలో కాలు పెట్టినవాళ్లను కూర్చోమనకముందే అక్క అడుగుతుంది: “ఎన్నో భాగం దాకా విన్నారు?” వినలేదంటే మళ్లీ మొదటి భాగం వంతు వచ్చేదాకా ఆగాల్సిందే, అది ఏడాది తర్వాతైనా సరే. మొదటి నుంచీ విననివాళ్లు గదిలో నోరెత్తకూడదు. అలాంటివాళ్ల ముందు సభ్యులు కథ గురించి పెదవి విప్పకూడదు. ఇదంతా ఒక అట్ట మీద గుండ్రటి అక్షరాలతో రాసి గోడకు తగిలించింది. ఒకసారి సొంత తమ్ముడు సరదాపడి వచ్చాడు. “చిన్నప్పుడు అక్కడో ముక్క, ఇక్కడో ముక్క విన్నానక్కా” అన్నాడు పాపం. “ముక్కలు వింటే విన్నట్టు కాదు” అని అతన్నీ గుమ్మంలోంచే సాగనంపింది.

తమ్ముడిది సెలూన్. కత్తెర ఆడుతున్నంతసేపూ ఈల వేస్తాడు. మొదట కుర్చీలో కూర్చున్నవాళ్లు నలుగురు వంత పాడారు. ఆ నలుగురూ నూట ఇరవై మందై, గది చాలక మెట్ల మీద కూర్చుని మరీ ఈలలు వేస్తున్నారు. టేపు వినేవేళ ఆ గోల వినిపిస్తే అక్క చెక్క స్కేలు తీసుకుని గోడ మీద టపటపా కొడుతుంది. వాళ్లేమో తాళం వేస్తోంది కాబోలనుకుని ఇంకాస్త హుషారుగా అందుకుంటారు.

ఒక గురువారం లైబ్రేరియన్ వచ్చి నసుగుతూ నిలబడ్డాడు.

“పక్క గదివాళ్లకు చోటు చాలడం లేదమ్మా. వచ్చేవారం నేనే వచ్చి తలలు లెక్కపెడతాను. చివరిదాకా పదిమంది కూర్చుంటే ఈ గది మీదే. లేకపోతే వాళ్లకిచ్చేస్తాను.”

ఆ గది తప్ప అక్కకు వారంలో ఎదురుచూసేది మరొకటి లేదు. మర్నాడు అభిమానం చంపుకుని సెలూన్‌కి వెళ్లింది.

“నీ దగ్గరికి అంతమంది ఎందుకొస్తార్రా? మా దాంట్లో సరుకు లేదా?”

“సరుకు మీ దగ్గరే ఎక్కువక్కా. మావాళ్లలో సగం మందికి శ్రుతంటే ఏంటో తెలీదు. కానీ వచ్చినవాణ్ణి నేనేమీ అడగను, ఊదమంటాను. ఉత్త గాలొస్తే అందరం నవ్వుతాం, వాడూ నవ్వుతాడు. మరుసటి వారం బావమరిదిని వెంటేసుకొస్తాడు. నీ దగ్గరైతే ముందు పరీక్ష పాసవ్వాలి.”

“ఎవరు పడితే వాళ్లొస్తే అది సంఘమా, సంతా?”

“సంతే అనుకో. నాతో కలిపి నలుగురం వచ్చి కూర్చుంటాం. నీ గది పోకూడదు కదా.”

వద్దందామని నోటిదాకా వచ్చింది. కానీ గది పోతుందే! “నోరెత్తకూడదు మరి” అని మాత్రం అంది.

తీరా చూస్తే ఆ గురువారం వంతు ముప్పై ఏడో భాగానిది. అప్పట్లో అటక మీద ఆ ఒక్క టేపు డబ్బా ఖాళీగా దొరికింది. అది రేడియోలో వచ్చిన సాయంత్రం అక్క ఎక్స్ఛేంజీలో డ్యూటీలో ఉంది. అందుకే ఆ వంతు వచ్చినప్పుడల్లా, ఆ భాగం ఎంతసేపుంటుందో అంతసేపూ, అంటే సరిగ్గా అరగంట, ఆరుగురూ మౌనంగా కూర్చుంటారు. ఈ సంగతి కొత్తవాళ్లకు చెప్పాలన్న ఆలోచనే అక్కకు రాలేదు.

లైబ్రేరియన్ గుమ్మంలో నిలబడి పది తలలు లెక్కపెట్టుకున్నాడు. పది నిమిషాలు గడిచాయి. ఈల సంఘం నుంచి వచ్చిన పాల వ్యాను డ్రైవరు అటూ ఇటూ కదిలి, లేవబోయాడు.

“మెషీన్ పాడైనట్టుంది, నే పోయొస్తా.”

ఒక్క తల తగ్గితే గది పోయినట్టే. సభ్యుల్లో పెద్దవాడైన పళ్ల డాక్టరు ఇక ఉగ్గబట్టుకోలేకపోయాడు. “కూర్చో బాబూ. ఈ భాగం టేపు పోయింది. దీని ముందు భాగంలో కూతురు పొగమంచులో పడవేసుకుని వెళ్తుంది. తర్వాతి భాగంలో ఇంట్లో ఉంటుంది. ఎలా వచ్చిందో ఎవరికీ తెలీదు.”

అక్క ఆయన వైపు కొరకొరా చూసింది.

“అదేంటి?” అన్నాడు తమ్ముడు. “ఈల విని వస్తుంది కదా?”

గదిలో అన్ని తలలూ అతని వైపు తిరిగాయి.

“దీపం ఆరిపోతుంది. తండ్రి గుట్ట అంచున నిలబడి ఈల వేస్తాడు. ఆ పిల్ల ఈల వినబడినవైపు తెడ్డు వేసుకుంటూ వస్తుంది. నేను విన్నానక్కా.”

“ఇన్నేళ్లూ చెప్పలేదేంరా?” అంది అక్క.

“పోయింది ఆ భాగమేనని నాకేం తెలుసు? నా ముందు కథ ఊసే ఎత్తవు కదా.” గోడ మీది అట్ట వైపు చూశాడు.

పదకొండేళ్లు ఆమె మౌనంగా వెతికింది పలచటి గోడకు అవతలే ఉంది. తన చేత్తోనే తలుపు వేసుకుంది. లేచి వెళ్లి అట్ట తీసి టేబుల్ మీద బోర్లించింది.

“చెప్పు.”

చెప్పాడు. సగం మరిచిపోయాడు, అలల చప్పుడు నోటితోనే చేశాడు, తండ్రి గొంతుకు బదులు తన గొంతే పెట్టాడు. డ్రైవరు అడ్డుపడి ప్రశ్నలేశాడు, డాక్టరు జవాబులిచ్చాడు. అక్క ఎవరి మాటా తుంచలేదు. తండ్రి పెదవులు పగిలి ఈల సన్నగిల్లే చోట తమ్ముడు ఆగాడు.

“తర్వాత?”

“తెలీదక్కా. అమ్మ క్యారేజీ చేతిలో పెట్టి, అక్క ఆకలితో ఉంటుంది, పొమ్మంది. చివరి రెండు నిమిషాలూ వినలేదు. దారంతా ఆ ఈలే ప్రయత్నిస్తూ వచ్చాను, నాకు ఈల వచ్చింది ఆ రోజే. గేటు దగ్గర తిట్టావు కూడా, ఆఫీసు దగ్గర ఈలేంట్రా అని.”

అక్కకు గుర్తొచ్చింది. పదకొండేళ్ల పిల్లాడు, రెండు చేతుల్తో పట్టుకున్న క్యారేజీ. అన్నం ఇంకా వేడిగానే ఉంది.

“అయితే ఇంకా రెండు నిమిషాలున్నాయి” అంది.

ఈ మౌనం ఎందుకో ఈసారి అందరికీ తెలుసు. పదిమందీ కదలకుండా కూర్చున్నారు. లైబ్రేరియన్ కూడా చప్పుడు కాకుండా ఒక కుర్చీ లాక్కున్నాడు. అంతలో గోడ అవతల నూరుమంది ఈలలు అందుకున్నారు. స్కేలు అక్క చేతికి అందేంత దూరంలోనే ఉంది. ఆమె దాన్ని ముట్టుకోలేదు.