సంతకంలో తేడా

కూతురి కొత్త యూనిఫాం చొక్కాకి ఇస్త్రీ చేస్తూ ఆమె చిరాకు పడింది. పోయినేడాది దాకా మామూలు తెల్లచొక్కా. ఈ ఏడు ఆకుపచ్చది, భుజాల మీద పట్టీలతో. మడత నలిగితే ఎండలో నిలబెడతారట. ఆటల పీరియడ్ కాస్తా చెక్క తుపాకులు పట్టుకుని కవాతు చేసే పీరియడ్ అయింది. ఆరోగ్య పరీక్ష అంటూ పదో తరగతి పిల్లలందరికీ ఎత్తు, ఛాతీ, చూపు కొలిచారు. పళ్ళు మాత్రం ఎవరూ చూడలేదు. పళ్ళు చూడని ఆరోగ్య పరీక్ష ఏమిటసలు? ఆమెకి అక్కడే అనుమానం మొదలైంది.

"నువ్వొట్టి అనుమానప్పక్షివి," అన్నాడు భర్త టీవీ చూస్తూనే.

"పిల్లకి కాస్త కుదురొస్తుందిలేవే," అంది అత్తగారు. కుదురు రావడానికి చేతికి చెక్క తుపాకీ ఎందుకట?

తర్వాత 'ధైర్య శిబిరం' అనుమతి పత్రం వచ్చింది. ఆ ఇంట్లో మందుచీటీ నుంచి కరెంటు బిల్లు దాకా ఏ కాగితమైనా చదవాల్సింది ఆమే కాబట్టి నాలుగు పేజీలూ చదివింది. మూడో పేజీ అడుగున, చీమతలకాయంత అక్షరాల్లో ఉంది అసలు సంగతి. శిబిరానికి వెళ్ళిన పిల్లల వివరాలు సైన్యానికి ఇస్తారు. పద్దెనిమిదేళ్ళు నిండగానే చేరడానికి ఇప్పుడే ఒప్పుకున్నట్టు. కింద తండ్రి సంతకానికే చోటుంది. తల్లికి లేదు.

"నాకు పరుగొక్కటే ఇష్టమమ్మా. శిబిరానికి రాకపోతే టీంలోంచి తీసేస్తామన్నారు," అంది కూతురు బిక్కమొహంతో. ఆమె పత్రాన్ని బీరువాలో చీరల కింద దాచేసింది.

కవాతు మాస్టారు ఊరుకోలేదు. భర్తకే ఫోన్ చేసి, మీలాంటి తండ్రులే కావాలి సార్ అన్నాడట. ఆయన ఉబ్బిపోయి, బీరువా అంతా వెతికి, కూతురి బడి కాగితం మీద మొట్టమొదటిసారి తన చేత్తో సంతకం గిలికి ఆ పిల్ల సంచీలో పెట్టాడు.

రెండోరోజే బడి నుంచి ఆమెకి కబురొచ్చింది. ఆఫీసులో గుమాస్తా ఆవిడ పాత ప్రోగ్రెస్ కార్డులన్నీ బల్ల మీద పరిచింది.

"తొమ్మిదేళ్ళ సంతకాలూ ఒకేలా ఉన్నాయమ్మా. ఇదొక్కటే తేడా. పిల్లలే గిలికేస్తున్నారని అందరివీ సరిచూడమన్నారు. ఇది మీ అమ్మాయి పనేనా?"

ఆమె ఆ కార్డులకేసి చూసింది. కూతురు ఒకటో తరగతిలో ఉన్నప్పుడు, "నాకెక్కడ తీరిక? నా పేరు నువ్వే గిలికెయ్," అన్నాడు భర్త. అప్పట్నుంచీ సెలవు చీటీలూ, మార్కులూ, జ్వరాలూ అన్నీ ఆమె చేతి మీదుగానే నడిచాయి. పేరు మాత్రం ఆయనది.

"మా అమ్మాయి పెట్టలేదండీ. కానీ తొమ్మిదేళ్ళుగా ఈ కార్డుల మీద సంతకం పెట్టినవాళ్ళు దీనికి ఒప్పుకోలేదు."

పరుగు టీం పోతే పోనీ, పరిగెత్తడానికి వీధి ఉంది అనుకుంది. గుమాస్తా చేతిలోని పెన్ను అడిగి తీసుకుని, పత్రానికి అడ్డంగా 'మా అమ్మాయిని పంపము' అని రాసి, అలవాటైన చేత్తో భర్త పేరు సంతకం చేసింది.

గుమాస్తా ఆవిడ ఆ సంతకాన్ని చూసింది, కార్డులు చూసింది, ఆమె మొహంలోకి చూసింది. ముద్ర తీసి గట్టిగా గుద్దింది.

"ఇదేనమ్మా అసలుది."