కింద పెట్టిన కాఫీ

రుదైనా లోపల అన్నం కూరి వండే కూసా కాయల్లో గుజ్జు తోడుతుంటే, అత్తగారు పక్కనే కూర్చుని ఒక్కో కాయా తడిమి చూస్తోంది. "గోడ ఇంకా పలచగా రావాలమ్మాయ్. సూదులు గుచ్చే చేతికి ఆ మాత్రం రాదూ?" అంది. డ్యూటీ నుంచి వచ్చి ఇంకా యూనిఫారం కూడా మార్చుకోని మనిషికి బదులు చెప్పే ఓపిక ఎక్కడిది?

ఆమె మనసు ఇంకా పొద్దుటి కాగితం మీదే ఉంది. వచ్చే నెల నుంచి ఆసుపత్రిలో అన్నీ కంప్యూటర్లట, డ్యూటీ వేళలూ మారతాయట. ఆ మార్పుకి నర్సులు ఏపాటి సిద్ధంగా ఉన్నారో కొలవడానికి రాజధాని అమ్మాన్ నుంచి ఒకమ్మాయి ప్రశ్నల కాగితాలు పట్టుకొచ్చింది. హెడ్ నర్సు నజాహ్ ముందే వార్డంతా తిరిగింది. "అన్నిటికీ 'పూర్తిగా ఒప్పుకుంటాను' అని గీసేయండర్రా. పైవాళ్ళ ముందు నా పరువు తియ్యకండి." మొదటి వాక్యం, 'మార్పుకి నేను సిద్ధంగా ఉన్నాను.' రుదైనా ఒప్పుకుంది. ఒప్పుకోవడం ఆమెకి కొత్తా? అలా గీసుకుంటూ పోయి ఒకచోట ఆగిపోయింది. 'నాకు కష్టం వస్తే యాజమాన్యం నా వెనక నిలబడుతుంది.' ఆమె చెయ్యి కదలకపోతే, నజాహ్ పెన్ను లాక్కుని తనే గీత పెట్టేసింది.

కిందటి వారం, డాక్టరు రావడం ఆలస్యమైందని, ఒక రోగి తమ్ముడు వార్డు నడిమధ్య ఆమె చెంప పగలగొట్టాడు. ఆమె పోలీసులకి ఫిర్యాదు ఇచ్చింది. మర్నాడే అతని తరఫు పెద్దమనుషులు ఇంటికి రాజీకి వచ్చారు. వాళ్ళ వైపు కూర్చున్నవాళ్ళలో ఆసుపత్రి డైరెక్టరు కూడా ఉన్నాడు. కేసు వదిలేస్తామన్న మాట దక్కేదాకా ముట్టమంటూ, ఆనవాయితీ ప్రకారం వాళ్ళ పెద్దాయన కాఫీ కప్పు కింద పెట్టాడు. "తాగండి, ఇచ్చేశాను" అన్నాడు మామగారు. ఒక చేత్తో వాచిన చెంపకి ఐసు అదుముకుంటూ, రెండో చేత్తో వంటింట్లో ఆ కాఫీ కాచింది రుదైనాయే. లోపలికొచ్చి ఆమెని ఒక్కరూ ఒక్క మాట అడగలేదు. "మగాళ్ళు మన పరువు నిలబెట్టారు, ఇంకేం కావాలే నీకు?" అంది అత్తగారు.

అతను ఇప్పటికీ రోజూ అన్నని చూడ్డానికి వస్తాడు. "బాగున్నావా చెల్లెమ్మా" అని నవ్వుతాడు. ఆ మాట విన్నప్పుడల్లా రుదైనాకి చచ్చిపోవాలనిపిస్తుంది. అయినా ఆ మంచం దగ్గరికే వెళ్ళి సెలైను మారుస్తుంది.

ఇంతలో భర్త గాలిబ్ వచ్చాడు. "రేపు స్టేషన్‌కి పోదాం. కేసు వదులుకుంటున్నానని ఒక్క సంతకం పెట్టు. నాన్న మాటిచ్చాడు కదా."

"నేనివ్వలేదు."

"వాళ్ళు కాఫీ తాగేశారే. ఇప్పుడు కాదంటే ఆయన ఊళ్ళో తలెత్తుకు తిరగగలడా?"

"ఆయన ఇచ్చింది ఆయనది కాదు గాలిబ్. చెంప నాది."

అత్తగారి చేతిలోని కాయ గిన్నెలో పడింది. గాలిబ్ గొంతు తగ్గించాడు. "ఇంకోసారి ఆలోచించుకో. సంతకం పెట్టకపోతే ఈ ఇంట్లో నీకు చోటుండదు."

రుదైనాకి ఎక్కడికి పోవాలో తెలియదు, ఎవరు రానిస్తారో తెలియదు. తోడుతున్న కాయని సగంలోనే పక్కన పెట్టింది.

"దానికీ సిద్ధంగానే ఉన్నాను" అంది.