సున్నా ఇంట్లో ఖాళీ గది

ఆ వీధిలో బావగారి ఇంటిని అందరూ ‘సున్నా ఇల్లు’ అంటారు. కప్పు నిండా సోలార్ పలకలు, గుమ్మం పక్కన మీటరు, ఆ మీటరు పక్కన ఎప్పుడూ బావగారు. సొంతంగా తయారుచేసుకున్న కరెంటు కంటే ఒక్క యూనిట్ కూడా ఎక్కువ వాడని ఇల్లుగా ఈ ఏడు ఆయనకు ఫలకం రావాలి. వచ్చినవాళ్లకు మంచినీళ్లు ఇవ్వడం మరిచిపోతాడేమో గానీ మీటరు చూపించడం మరవడు.

పైన పటారం, లోన లొటారం. ఆ లొటారం సంగతి గోడకు ఇవతల ఇంట్లో ఉండే ఆయన తమ్ముడి భార్య, చిన్నకోడలికి తెలుసు. ఆ ఇంటి బట్టలు తిరిగేది ఈమె వాషింగ్ మెషీన్‌లో. ఇస్త్రీ ఈమె హాల్లో. తోడికోడలు పొద్దున్నే గోడ దగ్గర నిలబడి, “ఒక్క బకెట్టు వేడినీళ్లే కదా చెల్లీ” అని తియ్యగా నవ్వుతుంది. మొగుడికి అన్నంటే భయమూ భక్తీ ఉన్నాయి కాబట్టి చిన్నకోడలు కూడా పళ్లు కనిపించేలా నవ్వి బకెట్టు నింపేది.

అత్తగారిని పంపిన రోజున ఆ నవ్వు పోయింది. పెద్దావిడకి ఊపిరి సరిగ్గా ఆడదు, ఆక్సిజన్ మెషీన్ పగలూ రాత్రీ నడవాలి. బావగారు తల్లినీ మంచాన్నీ మెషీన్‌నీ వరసగా గేటు దాటించి, “నీ చేతిలో అయితే అమ్మ బాగుంటుందమ్మా” అన్నాడు. ఫలకం మాట ఎత్తలేదు. ఎత్తి ఉంటే చిన్నకోడలికి ఇంత రోత పుట్టేది కాదేమో.

ఈ ఇంట్లో మిగిలింది కిటికీ లేని నడిమి గది. అత్తగారికి పెద్దకొడుకు ఇంట్లో తన గదిలో కిటికీ ఉండేది, వీధిలో పోయే ప్రతివాళ్లనీ పలకరించేది. రోజూ సాయంత్రం గోడ మీదుగా కొడుకుని అడిగేది, “నా గదికి ఎప్పుడు తీసుకెళ్తావురా?” అని. ఆయన జవాబు ఒకటే. “కాస్త ఓపిక పట్టమ్మా.”

ఫలకం ఇచ్చే ఆఫీసు నుంచి ఒక అధికారిణి తనిఖీకి వచ్చింది. ఆవిడకివ్వాల్సిన టీ కూడా చిన్నకోడలి పొయ్యి మీదే కాగింది. టీ పళ్లెం పట్టుకుని వెళ్లేసరికి ఆవిడ అత్తగారి గది ముందు నిలబడి ఉంది. గది అద్దంలా తుడిచి ఉంది, మంచం లేదు.

“ఇక్కడ ఎవరుంటారు?” అందావిడ.

“చుట్టాలొస్తే ఉంటారండీ” అన్నాడు బావగారు.

చిన్నకోడలు పళ్లెం కింద పెట్టేసింది. “చుట్టాలెవరు బావగారూ? ఇది అత్తయ్య గది. ఆక్సిజన్ మెషీన్ కరెంటు లాగుతుందనేగా ఆవిడని మా ఇంటికి పంపారు?”

అధికారిణి ఆశ్చర్యపోయింది. “వైద్యానికి వాడే మెషీన్లు లెక్కలోకి రావు కదండీ. మీకు మొదట్లోనే చెప్పాను.”

బావగారు నీళ్లు నమిలాడు. “మెషీన్ గురించి కాదండీ. ఆవిడకి రాత్రంతా ఫ్యాను ఉండాలి, లైటు ఉండాలి. అవి లెక్కలోకి వస్తాయిగా.”

అధికారిణి మొహం ముడుచుకుని మీటరు దగ్గరికి నడిచింది. అంకె సరిగ్గానే ఉంది. మీటరు మనుషుల్ని లెక్కపెట్టదు. సంతకం పెట్టేసి, టీ ముట్టకుండా వెళ్లిపోయింది.

బావగారు తేలిగ్గా ఊపిరి పీల్చుకుని గోడ దగ్గరికి వచ్చాడు. ఇవతల వరండాలో, ముక్కుకి ఆక్సిజన్ గొట్టంతో తల్లి కుర్చీలో కూర్చుని ఉంది. ఆ గది కిటికీలోంచి వచ్చిన మాటలన్నీ విన్నది.

“ఫలకం వచ్చేసినట్టేనమ్మా. పద, నీ గదికి పోదాం.”

ఆవిడ కాసేపు ఆ ఇంటి కిటికీ వైపు చూసింది. “వద్దులేరా. వచ్చే ఏడు కూడా కావాలిగా నీకు.”

తర్వాత కోడలి వైపు తిరిగింది. “ఆ ఫ్యాను కాస్త పెంచమ్మా.”

చిన్నకోడలు ఫ్యాను ఆఖరి దాకా తిప్పింది. పట్టపగలే లైటు కూడా వేసింది.