చెవికి కట్టిన రాగి గొట్టం

ఇంకా లేదు, ఇది పిస్టన్ చప్పుడే, చల్లగున్న పిస్టన్ గోడకు కొట్టుకునే దబ్ దబ్, వేడెక్కితే అదే సద్దుమణుగుతుంది, నేను వినవలసింది ఇది కాదు, నేను వినవలసింది టక్ అనేది, ఇత్తడి అన్నం తలెలో గులకరాయి పడ్డట్టు, అది వినపడగానే చెయ్యెత్తాలి, నేను చెయ్యెత్తితే కారులో కూసున్న నా మనుమరాలు అనూహ్య కాలు తీసేస్తుంది, అంతే నా పని, డెబ్బై రెండేళ్ల ముసలిదాని చెవుల మీద రెండు నల్ల డొప్పలు, డొప్పల నుంచి రబ్బరు పైపు, పైపు చివర రాగి గొట్టం, ఆ గొట్టం మూతిని సుత్తితో చదునుగా కొట్టి ఇంజన్ ఒంటికి బోల్టు బిగించారు, డాక్టరు రోగి గుండె విన్నట్టు వింటున్న నేను, ఎవరి గుండె, నా కొడుకు ఛాతీలోకి దూరినదాని గుండె.

చిన్న మంగళారం ఊర్ల మా కోళ్ల షెడ్డు ఇది, కోళ్లు పోయి ఆరేళ్లయినా ఎండ ముదిరితే ఆ పెంట వాసన ఇంకా లేస్తుంది, కింద నేల తవ్వి రెండు ఇనుప రోలర్లు పెట్టించింది నా మనుమరాలు, వాటి మీద ఎర్ర కారు, నాలుగు దిక్కులా పట్టీలతో కట్టేసి ఉన్నది, చక్రాలు తిరుగుతయి, బండి కదలదు, కాళ్లు కట్టేసిన దున్నపోతు కొమ్ములు విసిరినట్టు ముక్కు ఎగరేస్తుంది, పక్కన ఆమె దోస్తు మహేశ్వర్ మంటలార్పే సిలిండర్ దగ్గర నిలబడి, అవ్వా జర నవ్వు, విమానం నడిపేటోని లెక్కున్నవ్ అంటడు, ఇంతకూ ఈ ముసలి సెన్సార్‌కు వారంటీ ఉన్నదా అనూ అని కారు దిక్కు తిరిగి అడుగుతడు, ఫస్టు నీ నోటికి తీసుకోరా వారంటీ అని నేను అంటే షెడ్డంతా మోగేటట్టు నవ్వుతడు, మంచి పిల్లగాడు, వాడి మీద కోపం లేదు, కోపం అంతా ఈ ఇనుము మీద. ఇంజన్‌కు అసలు సెన్సార్ ఉండేది, అనూహ్యే తీసేసింది, దానికి తెలివి లేదు నానమ్మా, కొత్త పిస్టన్లు గట్టివి, జర లొడలొడ కొట్టుకుంటయి, అదీ నాకింగ్, అంటే ఆ టక్ అనుకొని భయపడి ఊకె పవర్ కోస్తది, నీకైతే తేడా తెలుసు, నీ చెవులున్నంక నాకేం ఫికర్, అన్నది, తన చేతులతోనే డొప్పలు తొడిగింది, జుట్టు చిక్కుకోకుండా ముడి సవరించింది.

తేడా తెలుసు, ముప్పై ఏళ్లు బాయి కాడ ఆయిల్ ఇంజన్ విన్నదాన్ని, నీళ్లు అందకుంటే ఒక తీరు, గాలి పీల్చుకుంటే ఒక తీరు, ఒకనాడు దాని గొంతు దిగిపోయింది, ఏదో దాని నోట్ల పడ్డదని కొడవలి పట్టుకొని ఉరికితే ఇంజన్ బెల్టుల నా పెనిమిటి మాణిక్యం ధోతి, ఆయన తొడ సగం లోపలికి పోయి ఉన్నది, బట్టనూ తోలునూ కలిపి కోసిన, రక్తం నా నోట్ల పడ్డది, ఉప్పగా, బతికిండు, పదేళ్ల తర్వాత మామూలు జ్వరమని, పొద్దుమీకి వస్తానని దవాఖానకు పోయి రాలేదు. నలభై దాటినంక యూరియా సంచుల మీద అక్షరాలు నేర్చుకున్న, తర్వాత నా కొడుకు హరీష్ ఐటీఐ పుస్తకం, వేలు పెట్టుకుంటా ఒక్కొక్క ముక్క, పెట్రోలు నిప్పురవ్వ మంట తగలకముందే తనంతట తాను అంటుకుంటే పైకి వస్తున్న పిస్టన్ నెత్తిన సుత్తి దెబ్బ పడుతుంది, అట్ల పది దెబ్బలు చాలు రాడ్డు వంగడానికి, ఇంకో అయిదారు చాలు విరగడానికి, నాకు నోటికొచ్చు, ఆ పుస్తకం చదివినోడే మొయినాబాద్ మలుపుల కారుతో సహా టిప్పర్ కిందికి పోయిండు, ఇంజన్ వాని ఛాతీలోకి వచ్చింది, నలుగురు గడ్డపారలతో తలుపు విరగదీస్తుంటే నేను చెయ్యి లోపలికి పెట్టి చూసిన, ఇంజన్ ఇంకా వేడిగనే ఉన్నది, నా కొడుకు చల్లబడ్డడు. ఏడాది తిరగకముందే కోడలు ప్రగతి తల్లిగారింటికి పోయింది, ఆటో మలుపు తిరిగేదాక నేను చూసిన, ఆమె వెనక్కి చూడలేదు, నాలుగేళ్ల అనూహ్య నా కొంగు నోట్ల పెట్టుకొని నమిలింది.

ఎల్లుండి లారీ వస్తుంది, కారును కోయంబత్తూరు తీసుకపోతుంది, అక్కడి కార్ల పందెంల గెలిస్తే టీమువాళ్లు అనూహ్యను ఏడాది అక్కడే ఉంచుకుంటరట, వద్దే అంటే వినదు, ఏడ్చిన, తిండి మానిన, ఒకసారి రోకలి తెచ్చి కారు అద్దం మీద ఎత్తిన, కొట్టు నానమ్మా, ఇంకోటి పెట్టిస్త అన్నది నవ్వుకుంటా, ఇప్పుడు మూడో గేరు పోయి నాలుగో గేరు, చప్పుడు ఎముకల్ల దూరుతున్నది, రేకులు అదురుతున్నయి, ఇంజన్‌కు గాలి నింపే టర్బో చక్రం కూత పెడుతున్నది, ఇంకా నొక్కుతున్నది, ఇంకా, టక్.

టక్, అదే, పిస్టన్ కాదు, అదే, చెయ్యెత్తాలి, చెయ్యి ఒళ్లో ఉన్నది, ఎత్తాలి, టక్ టక్, ఎందుకు ఎత్తాలి, ఎత్తితే ఆమె ఆపుతుంది, లాప్‌టాప్‌ల లెక్క సరిచేస్తుంది, ఇంజన్ బాగుంటుంది, బాగుంటే పిల్ల పోతుంది, ఎత్తకుంటే పగులుతుంది, ఇంకోటి కట్టడానికి రెండు దినాలు చాలవు, పగలనీ, టకటకటక, పెంక మీద జొన్నలు పేలినట్టు, పగులు, నీ పేగులు బయట పడ, నా కొడుకు పక్కటెముకలు ఎట్ల విరిచినవో నీవి అట్ల విరగాలె, సుత్తి మీద సుత్తి పడనీ, నేనే కొడుతున్న, చెయ్యి కదపకుండ కొడుతున్న, ఎంత హాయిగా ఉన్నదో, పళ్లు కరుచుకొని ఉన్న, ఎడమ చేత్తో కుడి చెయ్యి మణికట్టు పట్టుకొని ఉన్న, అది తనంతట తాను లేస్తదేమోనని, అప్పుడు అద్దం లోపలి నుంచి అనూహ్య కనపడ్డది, ఒళ్లో లాప్‌టాప్ ఉన్నది, ముందట మీటర్లు ఉన్నయి, ఏదీ చూస్తలేదు, నా చెయ్యినే చూస్తున్నది, రెప్ప కొట్టకుండా నా చెయ్యినే, అది లేవలేదు కాబట్టి ఇంకా నొక్కింది.

చప్పుడు కాదు అది, చెవుల్లోకి ఇనుప చువ్వ దిగినట్టు, తర్వాత జరసేపు ఏమీ వినపడలేదు, విరిగిన రాడ్డు ఇంజన్ కడుపు చీల్చుకొని వచ్చి నా పక్కనున్న నీళ్ల డ్రమ్ములో దిగింది, కాలే నూనె ఎర్రగ కాలిన పొగ గొట్టం మీద పడి భగ్గుమన్నది, మంట రేకుల దాక, మహేశ్వర్ సిలిండర్ ఎత్తుకొని ఉరుకుతుండు, నేను లేవాలని చూస్తే రబ్బరు పైపు మెడకు చుట్టుకొని మంటలోకే గుంజుతున్నది, అనూహ్య కారు దిగింది, తలుపు దిక్కు పోవాలె, పోలేదు, మంట పక్కనుంచి నా దిక్కే వచ్చింది, అంటుకున్న పైపును ఉత్త చేత్తో పట్టి తెంపింది, నన్ను బియ్యం మూట ఎత్తినట్టు భుజాన వేసుకొని ఎండలోకి తెచ్చి వేపచెట్టు కింద కూసోబెట్టింది, నీకేమన్నా తాకిందా, నానమ్మా, నీకు తాకిందా, అని ముఖం తడిమింది, ఆమె అరచెయ్యి తోలు ఊడి నా చెంపకు అంటుకున్నది.

లోపల మంట ఆరింది, మహేశ్వర్ దగ్గుకుంటా వచ్చిండు, అవ్వకు వినపడలేదా అనూ అన్నడు మెల్లగా, అనూహ్య చేతిని కుండ నీళ్లల్ల ముంచి, పాపం పెద్దదైంది కదరా, తప్పు నాదే, ఈ వయసుల ఆమెకు ఈ పని పెట్టిన, అన్నది, నా దిక్కు తిరిగి, నువ్వేం మనసుల పెట్టుకోకు, ఇప్పటినుంచి సెన్సారే పెట్టుకుంట అని నవ్వింది, దవాఖానల చంటిపిల్లలను చూసి నవ్వే నవ్వు, ఆ నవ్వును దుప్పటి లెక్క కప్పుకొని పండుకోవచ్చు, ముసలిది, చెవులు పోయినయి అనుకుంటరు, ఎవరూ ఏమీ అనరు, కాని నా నోరు ఊకోలేదు, వినపడ్డది బిడ్డా అన్న, మొదటి టక్ నుంచి వినపడ్డది, లెక్కపెట్టిన, పదిహేడు. కుండలో ఆమె చెయ్యి కదలడం ఆగింది, తలెత్తి చూసింది, ఇడిచిపోయేటోళ్లను నేను జన్మంతా వాకిట్ల నిలబడి చూసిన చూపు అది, ఆటో మలుపు తిరిగేదాక చూసిన చూపు, అది ఆమె కళ్లల్ల ఎట్ల వచ్చింది, ఆమె ఎక్కడికీ పోలేదు, మంటల నుంచి కూడ నా దిక్కే వచ్చింది, అందరు నన్ను ఇడిచిపోయిండ్రని ఇన్నేళ్లు ఏడ్చిన, పగలబోతున్న ఇనుము ముందట, నా చెయ్యి తప్ప ఇంకో ఆసరా లేకుండా, ఆ సీట్ల పిల్లను ఒక్కదాన్ని ఇడిచిపెట్టి పోయింది నేను.